చప్పుడు చేయని సర్వర్లు: ఒక టెలికాం సంస్థలో బీపీఎఫ్‌డోర్ కేసు

సైబర్ దాడులను దర్యాప్తు చేసే మా టీం చూసిన కేసు ఇది, క్లయింటు ఒప్పుకున్నాకే రాస్తున్నాను. కంపెనీ పేరు, దేశం, తేదీలు తీసేశాను. సర్వర్ల లెక్కలు కొంచెం అటూ ఇటూ మార్చాను. బీపీఎఫ్‌డోర్ ఒక మాల్వేర్, లినక్స్ సర్వర్లలో దాక్కుని దాడిచేసేవాళ్లకు బ్యాక్‌డోర్ (దొడ్డిదారి) ఇచ్చే ప్రోగ్రామ్. దాని పనితీరు గురించిన వివరాలు ఇప్పటికే బయటికొచ్చినవే కాబట్టి వాటిని ఉన్నదున్నట్టు రాశాను. లినక్స్ సర్వర్లు చూసుకునేవాళ్లు దీన్ని చదివి, ఈ రాత్రే తమ సర్వర్లలో ఒక్క ఫైలు తెరిచి చూస్తే చాలు. ఆ ఫైలేమిటో కింద వస్తుంది.

నేపథ్యం

క్లయింటు ఆసియాలో ఒక మధ్యస్థాయి టెలికాం సంస్థ. టెలికాం మీద గూఢచారుల కన్ను ఎందుకు పడుతుందో ముందు చెప్పాలి. ఎవరు ఎవరికి ఫోన్ చేశారు, ఎంతసేపు మాట్లాడారు, అప్పుడు ఏ టవర్ కింద ఉన్నారు అనేవన్నీ అక్కడ ఉంటాయి. మాటలు వినాల్సిన పని కూడా లేదు. ఒక విలేకరివో, ఒక సైనికాధికారివో నెల రోజుల కాల్ రికార్డులు ముందేసుకుంటే ఆ మనిషి ఎవరిని కలుస్తున్నాడో, ఎక్కడ పడుకుంటున్నాడో తెలిసిపోతుంది. డబ్బు కోసం వచ్చేవాడు డేటాకు తాళం వేసి బేరానికి దిగాలి, అప్పుడైనా బయటపడతాడు. గూఢచర్యానికి వచ్చినవాడు ఏమీ అడగడు. దొరక్కుండా ఉండిపోవడమే అతనికి కావాలి.

వీళ్ల దగ్గర 600కు పైగా లినక్స్ సర్వర్లు ఉన్నాయి. ఎక్కువ భాగం సెంటోస్ 7, అంటే రెడ్‌హ్యాట్ 7 నుంచి కట్టిన ఉచిత లినక్స్. ఉద్యోగుల ల్యాప్‌టాప్‌లన్నిటి మీదా ఈడీఆర్ (యంత్రంలో అనుమానాస్పద పనుల్ని కనిపెట్టే భద్రతా సాఫ్ట్‌వేర్) ఉంది. సర్వర్ల మీద లేదు. ఆ సర్వర్లలో బయటి సాఫ్ట్‌వేర్ ఏది ఎక్కించినా సపోర్ట్ ఇవ్వమని పరికరాల వెండర్ ఒప్పందంలోనే రాసిపెట్టుకున్నాడు. టెలికాంలో పనిచేసినవాళ్లకు ఇది కొత్త కాదు. చందాదారుల వివరాలుండే యంత్రాలకు కాపలా లేదు, మెయిళ్లు చూసుకునే యంత్రాలకు ఉంది.

సమస్య ఎలా వచ్చింది

వాళ్ల దేశపు సైబర్ సంస్థ నుంచి రెండు లైన్ల ఉత్తరం వచ్చింది. మీ వెబ్ సర్వర్లలో ఒకటి, అనుమానాస్పదమని మేం గుర్తించిన ఒక విదేశీ అడ్రసుకు యూడీపీ ప్యాకెట్ (నెట్‌వర్క్‌లో వెళ్లే చిన్న డేటా ముక్క) పంపింది, చూసుకోండి అని. అంతే.

ఫైర్‌వాల్ ఫ్లో రికార్డుల్లో, అంటే ఏ అడ్రసు నుంచి ఏ అడ్రసుకు ఎన్ని బైట్లు వెళ్లాయో రాసి ఉండే చిట్టాలో, ఆ ప్యాకెట్ దొరికింది. ఒకే ప్యాకెట్, అడ్రసుల వంటివి రాసి ఉండే హెడర్లతో కలిపి 29 బైట్లు. ముందూ వెనకా ఏమీ లేవు. మా టీంలో అందరికంటే చిన్నదైన అమ్మాయి అప్పుడే అడిగింది: "అన్నా, ఐపీ హెడర్ 20, యూడీపీ హెడర్ 8. మిగిలింది ఒక్క బైటే కదా. ఒక్క బైట్ ఎవరు పంపుతారన్నా?"

"ఏదో స్కానర్‌కు వెళ్లిన జవాబై ఉంటుంది, పక్కన పెట్టు" అన్నాను. తొమ్మిది రోజుల తర్వాత మళ్లీ ఆ ప్రశ్న దగ్గరికే రావాల్సి వచ్చింది.

ఏం చేశాం, ఎందుకు పనిచేయలేదు

మేం చేరుకునేసరికే ఆ సర్వర్‌ను రీబూట్ చేసేశారు. ఉత్తరం చూసిన కంగారులో అడ్మిన్ ప్యాచ్‌లన్నీ వేసి, యంత్రాన్ని ఒకసారి ఆపి మళ్లీ లేపాడు. అతన్ని తప్పుపట్టను. తేడా కనిపిస్తే రీబూట్ చేయమనే మనందరికీ మొదట నేర్పుతారు. కానీ మెమరీలో ఉన్నదంతా ఆ ఒక్క కమాండ్‌తో పోయింది.

తర్వాత పద్ధతిగా మొదలుపెట్టాం. బయటినుంచి, లోపలినుంచి పోర్ట్ స్కాన్ చేశాం, అంటే సర్వర్‌కు కనెక్ట్ కాగల దారులు (పోర్టులు) ఏవి తెరిచి ఉన్నాయో చూశాం. తెరిచి ఉండాల్సిన పోర్టులే తెరిచి ఉన్నాయి. డిస్క్ ఇమేజ్ తీసి మూడు యాంటీవైరస్ ఇంజిన్లతో గాలించాం, ఏమీ లేదు. ఆ సెగ్మెంట్ మొత్తానికి వారం రోజులు ప్యాకెట్ క్యాప్చర్ పెట్టాం. క్రమం తప్పకుండా బయటికి వెళ్లే పలకరింపుల కోసం వెతికాం. ఏ మాల్వేర్ అయినా తన యజమానితో మాట్లాడాలి, గంటకో రోజుకో ఒకసారైనా బయటికి వెళ్లాలి, ఆ లయను పట్టుకుంటే దొంగ దొరుకుతాడు అన్నది నా నమ్మకం. పదేళ్లుగా ఆ నమ్మకం మీదే పనిచేశాను, చాలాసార్లు ఫలితం ఇచ్చింది. ఈ కేసులో మమ్మల్ని ఆలస్యం చేసింది కూడా అదే.

వారం తర్వాత మధ్యంతర నివేదికలో "ఇన్ఫెక్షన్‌కు ఆధారాలు లభించలేదు" అని రాశాను. పైవాళ్లు దాన్ని "ఇన్ఫెక్షన్ లేదు" అని చదువుకున్నారు. చదివినవాళ్ల తప్పు కాదది. ఎక్కడెక్కడ వెతికాం, ఎక్కడ వెతకలేదు, ఏది చూసే అవకాశం మాకు లేకపోయింది అన్నది నేను రాయలేదు. ఇప్పుడు ప్రతి నివేదికలోనూ ఆ మూడూ ముందు రాసి, ఆ తర్వాతే ఫలితం రాస్తున్నాను.

మలుపు

తొమ్మిదో రోజు రాత్రి ఆ అమ్మాయి 2022 మేలో బయటికొచ్చిన విశ్లేషణలు చదువుతూ నన్ను పిలిచింది. బీపీఎఫ్‌డోర్ అనే లినక్స్ బ్యాక్‌డోర్ గురించి ప్రైస్‌వాటర్‌హౌస్‌కూపర్స్ నిపుణులు, శాండ్‌ఫ్లై సెక్యూరిటీ వాళ్లు అప్పటికే వివరంగా రాసి ఉన్నారు. అందులో ఒక చోట వేలు పెట్టి చూపించింది. వచ్చిన ప్యాకెట్‌లోని పాస్‌వర్డ్ లోపల ఉన్న రెండు పాస్‌వర్డ్‌లలో దేనితోనూ కలవకపోతే, ఈ బ్యాక్‌డోర్ యూడీపీలో ఒకే ఒక్క బైట్ తిరిగి పంపుతుంది. "ఉన్నాను" అని చెప్పడానికి.

20, 8, 1.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే మా వారం రోజుల శ్రమ ఎందుకు వృథా అయిందో అర్థమవుతుంది. ఇది తనకంటూ ఏ పోర్టూ తెరవదు, తనంతట తాను బయటికి ఒక్క ప్యాకెట్ కూడా పంపదు. ప్యాకెట్లను నేరుగా అందుకునే రా సాకెట్ (ప్యాకెట్ సాకెట్) ఒకటి తెరుచుకుని, దానికి కావలసిన ప్యాకెట్లను ఏరే బర్క్‌లీ ప్యాకెట్ ఫిల్టర్ (బీపీఎఫ్) తగిలించి, సర్వర్‌కు వచ్చే ప్రతి ప్యాకెట్‌నూ చెవి ఒగ్గి వింటూ కూర్చుంటుంది. టీసీపీ ప్యాకెట్ అయితే హెక్స్‌లో (16 ఆధారంగా రాసే అంకెల్లో) 5293, యూడీపీ, ఐసీఎంపీ (పింగ్ వాడేది) అయితే 7255 అనే గుర్తు కనిపిస్తేనే కదులుతుంది. వెబ్ సర్వర్ అయితే అందరికీ తెరిచి ఉన్న 443 పోర్టుకు ఆ గుర్తున్న ప్యాకెట్ ఒక్కటి పంపితే చాలు. ఆ సర్వర్ మీదున్న ఐపీటేబుల్స్ (లినక్స్‌లోని ఫైర్‌వాల్) దాన్ని అడ్డుకున్నా లాభం లేదు, ఎందుకంటే ఇలాంటి సాకెట్‌కు ప్యాకెట్ కాపీ ఫైర్‌వాల్ నిబంధనల కంటే ముందే చేరిపోతుంది. పాస్‌వర్డ్ సరిపోతే దాడిచేసినవాడి అడ్రసుకు మాత్రమే వర్తించేలా ఐపీటేబుల్స్‌లో ఒక మళ్లింపు రాస్తుంది. అతను 443కు కనెక్ట్ అయితే 42391 నుంచి 43391 మధ్యలోని ఏదో ఒక పోర్టులో షెల్ (కమాండ్లు ఇచ్చి సర్వర్‌ను నడిపే తెర) దొరుకుతుంది. పక్కనే అదే 443లో మామూలు జనం వెబ్‌సైట్ చూసుకుంటూ ఉంటారు. పని కాగానే ఆ నిబంధన కూడా చెరిగిపోతుంది.

దొడ్డిదారి అంటే ఎక్కడో ఒక తలుపు ఉంటుందనుకుంటాం. ఇక్కడ తలుపు లేదు, గోడవతల వినే మనిషి ఉన్నాడు. తలుపుల కోసం ఇల్లంతా వెతికాం, మనిషి కోసం వెతకలేదు.

కాబట్టి ప్రశ్న మార్చాం. "ఎవరు మాట్లాడుతున్నారు" అని కాకుండా "ఎవరు వింటున్నారు" అని. లినక్స్ కెర్నెల్ దీనికి సూటిగా జవాబు చెబుతుంది. ప్రాక్ డైరెక్టరీలో నెట్ కింద ప్యాకెట్ అనే ఫైలు ఉంటుంది. తెరిచి ఉన్న ప్యాకెట్ సాకెట్లన్నీ అందులో ఐనోడ్ నంబర్లతో (ఒక్కో సాకెట్‌ను గుర్తించే నంబర్లతో) సహా కనిపిస్తాయి. ఆ నంబరు ఏ ప్రాసెస్ చేతిలో ఉందో పోల్చి చూడాలి. మామూలు సర్వర్‌లో డీహెచ్‌సీపీ క్లయింట్ (యంత్రానికి ఐపీ అడ్రసు తెచ్చేది), ఎల్‌ఎల్‌డీపీ (పక్క పరికరాలను గుర్తించేది), మనమే నడిపే క్యాప్చర్ టూల్, ఇంతకు మించి ఉండవు.

600 సర్వర్లలో దీన్ని నడపడం ఎలా అన్నదానిపై సగం రోజు వాదించుకున్నాం. అడ్మిన్ ఖాతాతో అన్ని సర్వర్లలోకీ ఒక్కసారిగా లాగిన్ అయితే లోపలున్నవాడికి తెలిసిపోతుంది. అతను అడ్మిన్ల కదలికలు చూస్తున్నాడనే అనుకోవాలి. అందుకే కొత్తగా ఏమీ పెట్టకుండా, రోజూ రాత్రి రెండింటికి నడిచే ఇన్వెంటరీ స్క్రిప్టులోనే నాలుగు లైన్లు కలిపాం. ఫలితం మామూలుగా వెళ్లే చోటికే వెళ్లింది. ఒక రాత్రి ఆలస్యమైంది, కానీ ఎవరూ ఉలిక్కిపడలేదు.

తెల్లారేసరికి ముప్పై చిల్లర సర్వర్ల జాబితా వచ్చింది. అందులో ఎక్కువ డీహెచ్‌సీపీ క్లయింట్లే. తొమ్మిదింటిలో మాత్రం ఆ సాకెట్ పట్టుకున్న ప్రాసెస్ పేర్లు వేరుగా ఉన్నాయి. ఒకదాంట్లో హాల్డ్ రన్నర్. చూడ్డానికి ఎంత మామూలు పేరో! కానీ హాల్ అనేది రెడ్‌హ్యాట్ 7 వచ్చేసరికే తీసేసిన పాత వ్యవస్థ. సెంటోస్ 7 యంత్రంలో దానికి పనే లేదు. ఈ బ్యాక్‌డోర్ తనలో రాసిపెట్టుకున్న పేర్ల పట్టికలోంచి ఏదో ఒక పేరు తగిలించుకుంటుంది, ఆ పట్టిక పాతబడిపోయింది.

ఆ ప్రాసెస్‌ను దగ్గరగా చూశాం. ఎన్విరాన్‌మెంట్ (ప్రాసెస్‌కు సిస్టం ఇచ్చే సెట్టింగుల జాబితా) ఖాళీ, ఒక్క అక్షరం లేదు. అది నడుస్తున్న ఫైలు షేర్డ్ మెమరీ డైరెక్టరీలో (డిస్క్ మీద కాక మెమరీలో ఉండేది) పుట్టి, నడక మొదలుపెట్టగానే డిలీట్ అయింది. డిస్క్ ఇమేజ్‌లో యాంటీవైరస్‌లకు ఏమీ దొరక్కపోవడానికి కారణం ఇదే, అది డిస్క్ మీద లేదు. ఫైలు తేదీ చూస్తే 2008 అక్టోబర్ 30. ఆ సర్వర్ అప్పటికి తయారు కూడా కాలేదు. సాకెట్ల వివరాలు చూపే ఎస్‌ఎస్ కమాండ్‌తో సాకెట్‌కున్న ఫిల్టర్ చూస్తే అంకెల వరసలు తెరనిండా వచ్చాయి. వాటి మధ్యలో 21139, ఇంకొంచెం కింద 29269. ఆ అమ్మాయి క్యాలిక్యులేటర్‌లో వేసి హెక్స్‌లోకి మార్చి చూసింది. 5293, 7255. కాసేపు ఎవరం మాట్లాడలేదు.

చంపాలా, ఆగాలా

అప్పటికప్పుడు తొమ్మిది ప్రాసెస్‌లనూ చంపేయాలని క్లయింటు పట్టుబట్టాడు. ఆ ఆత్రుత న్యాయమైనదే, వాటిలో రెండు చందాదారుల డేటాబేస్ సర్వర్లు. నేను ఆగమన్నాను. కారణాలు రెండు.

మొదటిది, ఆ ఒక్క బైట్ జవాబు ఉన్నదే బ్యాక్‌డోర్ బతికుందో లేదో తెలుసుకోవడానికి. ఒకటి చంపితే వాళ్లకు తెలుస్తుంది, తెలిస్తే మేం చూడని చోటినుంచి మళ్లీ వస్తారు. రీబూట్ చేసిన ఆ మొదటి సర్వర్ ఆ సమాచారం ఇప్పటికే ఇచ్చేసిందేమో అన్న భయం కూడా ఉంది. రెండోది, ఈ బ్యాక్‌డోర్ తనంతట తాను రీబూట్ తర్వాత లేవలేదు. కొన్ని సర్వర్లలో స్టార్టప్ స్క్రిప్టులో ఒక లైను పెట్టారు, కొన్నిట్లో ఏమీ పెట్టలేదు. ఏమీ పెట్టలేదంటే, అవసరమైతే మళ్లీ ఎక్కించగలమన్న ధీమా వాళ్లకుంది. ఆ ధీమా ఎక్కడినుంచి వచ్చింది? ఎక్కించే యంత్రం మరొకటి లోపలే ఉండాలి, అది మా తొమ్మిదింటిలో లేదు.

ఆగడంలో ఉన్న ప్రమాదమంతా ఒక పేజీలో రాసి, కంపెనీ అధిపతి సంతకం తీసుకున్నాం. గడువు ఏడు రోజులు. డేటాబేస్ సర్వర్ల నుంచి పెద్ద మొత్తంలో డేటా కదిలితే ఎవర్నీ అడక్కుండా కేబుల్ తీసేసే అధికారం రాత్రి షిఫ్టులో ఉన్న ఇంజినీరుకు ఇచ్చాం. తొమ్మిది సర్వర్ల మెమరీనీ, నడుస్తున్న ప్రాసెస్ నుంచే బైనరీ కాపీనీ భద్రపరిచాం. లోపలి నెట్‌వర్క్‌లో ఆ గుర్తున్న ప్యాకెట్ ఎక్కడ కనిపించినా అలర్ట్ వచ్చేలా పెట్టి కాపు కాశాం.

నాలుగో రోజు తెల్లవారుజామున అలర్ట్ మోగింది. డేటాబేస్ సర్వర్‌కు ఒక పింగ్, లోపల 7255. అది బయటినుంచి రాలేదు. మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్‌లో ఉన్న ఒక పాత మానిటరింగ్ పెట్టె నుంచి వచ్చింది. ఎప్పుడో ఒక కాంట్రాక్టర్ పెట్టి వెళ్లిన యంత్రం అది. ఇన్వెంటరీలో లేదు కాబట్టి మా స్క్రిప్టు దాని దాకా పోనేలేదు. దాని మీద ఒక ఆపరేషన్స్ స్క్రిప్టు ఉంది, అందులో దాదాపు 200 సర్వర్ల పాస్‌వర్డ్‌లు మామూలు అక్షరాల్లో రాసి ఉన్నాయి. ఎవరో పని సులువవుతుందని రాసుకున్నారు. దాడిచేసినవాళ్లకు ఇంకేమీ అవసరం లేకపోయింది.

తొలగింపు ఒకే రాత్రి చేశాం. ముందు ఆ పెట్టె మెమరీ తీసుకుని దాని స్విచ్ పోర్టు మూసేశాం. ఆ తర్వాతే తొమ్మిది సర్వర్లు. ఒక్కదాన్నీ శుభ్రం చేయలేదు. కొత్త యంత్రాలు ముందే కట్టి ఉంచి, సేవల్ని వాటి మీదికి మార్చి, పాతవాటిని తీసేశాం. పాస్‌వర్డ్‌లు, కీలు అన్నీ చివర్లో మార్చాం. ముందే మార్చి ఉంటే కొత్తవి కూడా ఆ పెట్టె గుండా వాళ్ల చేతికి వెళ్లేవి.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

ఈ కేసు ముగిశాక దక్షిణ కొరియాలో ఎస్‌కే టెలికాం సంగతి బయటపడింది. 2025 జులైలో వచ్చిన ప్రభుత్వ దర్యాప్తు నివేదిక చదువుతుంటే నాకు మా సర్వర్లే కనిపించాయి. 28 సర్వర్లు, 33 మాల్వేర్లు, అందులో 27 బీపీఎఫ్‌డోర్ రకాలే. దాదాపు 2 కోట్ల 70 లక్షల చందాదారుల సిమ్ వివరాలు. మొదటి ఇన్ఫెక్షన్ 2021 ఆగస్టులో జరిగితే, 2025 ఏప్రిల్‌లో గాని బయటపడలేదు. నన్ను ఎక్కువ కలవరపెట్టింది మరో విషయం. 2022 ఫిబ్రవరిలోనే ఒక సర్వర్ దానంతటదే రీబూట్ అవుతుంటే కంపెనీ పరిశీలించింది, మాల్వేర్ దొరికింది కూడా. ప్రభుత్వానికి చెప్పలేదు, చూసిన లాగ్‌లు కూడా కొన్నే. అంత దగ్గరికి వెళ్లి వెనక్కి వచ్చేశారు. మేం కూడా ఆ మధ్యంతర నివేదికతో అక్కడే ఆగిపోయేవాళ్లం, ఆ అమ్మాయి ఒక్క బైట్‌ను వదలకపోవడం వల్లే ఆగలేదు.

గుర్తులను నమ్ముకోకండి. 5293, 7255 అనేవి పాత రకాలవి. 2023లో డీప్ ఇన్‌స్టింక్ట్ అనే భద్రతా సంస్థ బయటపెట్టిన రకంలో ఐపీటేబుల్స్ వాడకమే లేదు, షెల్ వేరే విధంగా వస్తుంది. ఫైలు పేర్లు, హ్యాష్‌లు (ఫైళ్ల వేలిముద్రలు), అంకెలు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఈ రకం బ్యాక్‌డోర్ వినాలంటే మాత్రం ఒక ప్యాకెట్ సాకెట్ పట్టుకోవాల్సిందే. అందుకే నేను ఏ సర్వర్‌కు వెళ్లినా ముందు ఆ ప్యాకెట్ ఫైలు తెరుస్తాను, తర్వాత డిలీట్ అయిన ఫైలు నుంచి నడుస్తున్న ప్రాసెస్‌లు ఏమున్నాయో చూస్తాను. రెండూ కలిపి ఐదు నిమిషాల పని, ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, కాబట్టి ఏ వెండరూ అభ్యంతరం చెప్పలేడు.

ఎవరు చేశారు అన్న ప్రశ్న ప్రతి సమావేశంలోనూ వచ్చింది. ఈ బ్యాక్‌డోర్‌ను వాడే బృందానికి ప్రైస్‌వాటర్‌హౌస్‌కూపర్స్ రెడ్ మెన్షెన్ అని పేరు పెట్టి, చైనాతో ముడిపెట్టింది. కానీ దీని సోర్స్ కోడ్ 2022లోనే బయటికొచ్చేసింది, ఎవరైనా వాడుకోవచ్చు. మాల్వేర్ పేరు చూసి దేశం పేరు రాసేయడం నాకు నచ్చదు. లక్ష్యం, ఓపిక, డబ్బు అడక్కపోవడం, ఇవన్నీ ప్రభుత్వ అండ ఉన్నవాళ్ల తీరుకు సరిపోతున్నాయని మాత్రమే రాసి సంతకం పెట్టాను.

లాగ్‌ల గురించి ఒక మాట. మన దేశంలో సెర్ట్ ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం 180 రోజుల లాగ్‌లు ఉంచాలి, ఘటన తెలిసిన 6 గంటల్లో చెప్పాలి. హైదరాబాద్‌లో నా పరిచయస్తులు చాలామంది ఆ 180నే గరిష్ఠం అనుకుని 181వ రోజు చెరిపేస్తున్నారు. ఏళ్ల తరబడి కూర్చునేవాళ్ల విషయంలో ఆరు నెలలు ఏ మూలకూ సరిపోవు. కనీసం ఫ్లో రికార్డులైనా రెండేళ్లు ఉంచండి. చోటు తక్కువే పడుతుంది. మాకు దారి చూపించింది కూడా ఫ్లో రికార్డులో ఒక్క లైనే.

తర్వాత

తొలగించిన పదకొండో రోజు బయటినుంచి కొత్త వెబ్ సర్వర్‌కు ఒక టీసీపీ ప్యాకెట్ వచ్చింది, అందులో 5293. బయటికి వెళ్లే ఫ్లోలను చూస్తూ కూర్చున్నాం. 29 బైట్ల జవాబు వెళ్లలేదు. మరో రెండుసార్లు వేరే వేరే అడ్రసుల నుంచి తట్టారు. ఆ తర్వాత రాలేదు, లేదా మాకు తెలిసిన గుర్తుతో రాలేదు.

చివరి నివేదికలో రెండు గడులు మిగిలాయి. ఎప్పటినుంచి ఉన్నారు అన్నదానికి ఫైలు తేదీలు పనికిరావు, వాళ్లు వాటిని మార్చేస్తారు. ఫైర్‌వాల్ లాగ్‌లు 90 రోజులవే ఉన్నాయి. బ్యాకప్ టేపులు ఒక్కొక్కటే తెరుచుకుంటూ పోతే, ఉన్నవాటిలో అన్నిటికంటే పాత టేపులో కూడా స్టార్టప్ స్క్రిప్టులోని ఆ లైను ఉంది. అందుకని "కనీసం 14 నెలలు" అని రాశాం. ఏం తీసుకెళ్లారు అన్న రెండో గడిలో, ఆ రెండు డేటాబేస్‌లలో ఏయే టేబుళ్లు ఉన్నాయో వాటి పేర్లన్నీ వరసగా రాసి, వీటిలో దేన్నీ తీసుకోలేదని చెప్పగల ఆధారం మా దగ్గర లేదని రాశాం.